రాత్రి ఎనిమిదిన్నరకి ఇంటికొచ్చారా? అన్నం ఉడికేలోపే వేడి వేడి మిరియాల చారు.. చాలామంది చేసే తప్పు ఎక్కడంటే..

ఆఫీస్ నుంచి వచ్చేసరికి ఎనిమిదిన్నర. ఫ్రిజ్ తెరిస్తే రెండు టమాటాలు, సగం వాడిపోయిన కొత్తిమీర కట్ట. పిల్లలు ఆకలంటున్నారు.. ఇంట్లో పెద్దవాళ్లకు బయటి తిండి పడదు. చెయ్యి ఆటోమేటిక్‌గా ఫోన్‌లో ఫుడ్ యాప్ మీదకి వెళ్లిపోతుంది. ఆర్డర్ పెట్టి, ట్రాఫిక్ దాటుకుని డెలివరీ బాయ్ వచ్చేసరికి ఎలాగూ అరగంటో, ముప్పావు గంటో పడుతుంది. ఆ టైమ్‌లో పోపు డబ్బాలో ఉన్న సరుకులతోనే మిరియాల చారు కాచి, అన్నం వండి, తినేసి గిన్నెలు కూడా కడిగేసుకోవచ్చు.

చారే కదా, అందులో చెప్పడానికి ఏముంది అనుకుంటున్నారా? సరిగ్గా అక్కడే తేడా కొడుతుంది. అవే మిరియాలు, అదే చింతపండు.. ఒకరింట్లో చారు పెడితే వీధి చివరికి ఘుమఘుమ. ఇంకొకరింట్లో పుల్లటి వేడి నీళ్లు. ఇందులో సీక్రెట్ మసాలా ఏమీ లేదు. ఏది ముందు వేయాలి, ఏది ఆఖర్లో వేయాలి, స్టవ్ ఎప్పుడు కట్టేయాలి.. ఈ మూడింటిలోనే ఉంది కథంతా.

మన చారే తెల్లదొరల సూప్ అయింది

భోజనానికి ముందు సూప్ తాగే అలవాటు మనకు లేదు. చారు అంటే అన్నంలోకే. కానీ మద్రాసులో స్థిరపడిన ఇంగ్లీషు దొరలకు బల్ల మీద ముందుగా సూప్ ఉండాల్సిందే. తమిళంలో మిళగు అంటే మిరియం, తణ్ణీర్ అంటే నీళ్లు. ఆ మిళగు తణ్ణీరే వాళ్ల నోట్లో పడి 'ములిగటానీ' అయింది. వాళ్లు అందులో మాంసం, ఉల్లిపాయలు, కూర పొడి అన్నీ కలిపేసి చిక్కగా మార్చేశారు. ఇప్పటికీ ఇంగ్లండ్‌లో ఆ పేరుతో సూప్ డబ్బాలు అమ్ముతారు. మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన ఇంగ్లీషువాళ్లకు 'మల్స్' అనే ముద్దుపేరు కూడా ఈ సూప్ వల్లే వచ్చింది. తమాషా ఏంటంటే, 1784 నాటి ఒక ఇంగ్లీషు పాటలో ఈ పేరు కనిపిస్తుంది. దాన్ని కట్టింది హైదర్ అలీకి పట్టుబడిన ఒక ఖైదీ. బెంగళూరు జైల్లో ఇదే తిని బతకాల్సి వస్తోందని అతగాడి గోడు!

ఇంకో సంగతి. మనకు ఎండుమిర్చి వచ్చింది పోర్చుగీసు వాళ్ల రాక తర్వాతే, అమెరికా ఖండాల నుంచి. టమాటా కూడా అటునుంచి వచ్చిందే. అంతకు ముందు మన వంటల్లో కారం అంటే ప్రధానంగా మిరియాలదే. కాబట్టి మిర్చి లేకుండా మిరియాలతోనే చారు కాస్తే అది పథ్యం వంట అని చిన్నచూపు చూడక్కర్లేదు. అసలు పాతది అదే.

ఏమేం కావాలి? అన్నీ ఇంట్లో ఉండేవే

నలుగురికి సరిపోయే లెక్క చెబుతున్నాం. చిన్న నిమ్మకాయంత చింతపండు, బాగా పండిన టమాటాలు రెండు, గుప్పెడులో సగం కందిపప్పు. దంచుకోవడానికి ఒక టీస్పూన్ నిండుగా మిరియాలు, ఒక టీస్పూన్ జీలకర్ర, ఒక టీస్పూన్ ధనియాలు, పొట్టుతోనే ఆరు వెల్లుల్లి రెబ్బలు. తాలింపుకి నెయ్యి, ఆవాలు, రెండు ఎండుమిర్చి, రెండు రెమ్మల కరివేపాకు, రెండు చిటికెల ఇంగువ. ఇక పసుపు, ఉప్పు, శనగగింజంత బెల్లం. కొత్తిమీర ఆకులు వాడిపోయినా ఫర్వాలేదు, కాడలు మాత్రం పారేయొద్దు. చారుకి వాసన ఇచ్చేది ఎక్కువగా అవే.

పప్పు ఎందుకంటారా? పప్పు లేకుండా చేసే మిరియాల చారూ బాగుంటుంది, జలుబు చేసినప్పుడు అదే హాయి. కానీ రాత్రి భోజనం మొత్తం దీని మీదే నడవాలంటే వట్టి చింతపండు నీళ్లతో కడుపు నిండదు, పదకొండు గంటలకు మళ్లీ ఆకలి. పప్పు కట్టు పడితే రుచికి రుచి, చారుకి కాస్త ఒళ్లు. కందిపప్పు ఉడికే ఓపిక లేదనుకుంటే పెసరపప్పు వేసేయండి, త్వరగా మెత్తబడుతుంది.

స్టవ్ వెలిగించిన దగ్గర్నుంచి..

ఇంట్లోకి రాగానే, బట్టలు కూడా మార్చుకోకముందే, రెండు పనులు చేసేయండి. చింతపండుని గ్లాసుడు వేడి నీళ్లలో పడేయండి. బియ్యం కడిగి కుక్కర్‌లో పెట్టి, ఆ పైనే చిన్న గిన్నెలో కడిగిన పప్పు, మునిగేంత నీళ్లు, రెండు టమాటాలు, చిటికెడు పసుపు వేసి మూత పెట్టండి. అన్నం, పప్పు, టమాటా మూడూ ఒకే గ్యాస్ మీద. నాలుగు విజిల్స్ వచ్చేలోపు మీరు స్నానం చేసి రావచ్చు. స్టవ్ కట్టేయడానికి ఇంట్లో ఇంకెవరికైనా చెప్పండి.

కుక్కర్ ఆవిరి దిగేలోపు మిరియాలు, జీలకర్ర, ధనియాలు, వెల్లుల్లి దంచుకోవాలి. ఇక్కడ మిక్సీ వద్దనే చెబుతాం. మెత్తటి పొడి అయితే చారంతా బురదగా మారి, గొంతులో గరగరలాడుతుంది. చిన్న రోట్లో నాలుగు పోట్లు వేసి కచ్చాపచ్చాగా వదిలేయండి. రోలు లేకపోతే గట్టి కవర్‌లో వేసి చపాతీ కర్రతో కొట్టినా చాలు. మిక్సీ తప్పదంటే ఒక్కసారి తిప్పి ఆపేయండి. ఈ చేతి పనికి రెండు నిమిషాలు పడుతుంది. చారు బాగుందా లేదా అన్నది చాలావరకు ఈ రెండు నిమిషాల్లోనే తేలిపోతుంది.

ఇప్పుడు స్టీలు గిన్నెలో చింతపండు పులుసు పిండి, మరో రెండు గ్లాసుల నీళ్లు పోయండి. ఉడికిన టమాటాల తొక్క తీసి చేత్తో చిదిమి వేయండి. ఉప్పు, పసుపు, బెల్లం, సన్నగా తరిగిన కొత్తిమీర కాడలు వేసి మరగనివ్వండి. ఏడెనిమిది నిమిషాలు బాగా మరగాలి. చింతపండు పచ్చివాసన పోయిందో లేదో ముక్కుతోనే తెలిసిపోతుంది. ఆ తర్వాత పప్పుని గరిటెతో మెదిపి, గ్లాసుడు నీళ్లతో పల్చన చేసి పోయండి.

దంచిన మిరియాల ముద్ద ఇప్పుడు పడాలి. మంట తగ్గించి గిన్నె ముందు నిలబడండి. కాసేపటికి అంచుల దగ్గర నురగ మొదలై మెల్లగా మధ్యలోకి వస్తుంది. నురగ కట్టి పైకి పొంగబోతుందనగా స్టవ్ కట్టేయాలి. ఆ క్షణంలో ఫోన్ మోగినా ఎత్తొద్దు!

చివరిగా తాలింపు. నెయ్యి వేడయ్యాక ఆవాలు చిటపటలాడనిచ్చి, ఎండుమిర్చి, కరివేపాకు, ఆఖర్న ఇంగువ వేసి వెంటనే చారులో పోసేయండి. పైన కొత్తిమీర ఆకు చల్లి మూత పెట్టి ఐదు నిమిషాలు వదిలేయండి. మూత తీసినప్పుడు వచ్చే ఆ వాసనకే సగం ఆకలి తీరుతుంది.

ఇంతకీ ఆ తప్పు ఏంటంటే..

అన్నీ ఒకేసారి వేసి పావుగంట మరిగించడం. చాలామంది చేసేది ఇదే. 'బాగా మరిగితే బాగా రుచి' అనే సూత్రం మాంసం పులుసుకి పనిచేస్తుంది, చారుకి కాదు. చింతపండుకి మరుగు కావాలి, మిరియాలకు వద్దు. మిరియాలు, జీలకర్ర, ధనియాల్లో వాసన ఇచ్చేవి త్వరగా ఆవిరైపోయే నూనెలు. గిన్నె మరుగుతున్నంత సేపూ ఇల్లంతా ఘుమఘుమలాడుతోందంటే ఆ వాసన చారులోంచి గాల్లోకి పోతోందన్నమాటే. ఇల్లు బాగుంటుంది.. తీరా కంచంలో వడ్డించుకున్నాక ఏమీ ఉండదు. మిరియం ఘాటు మాత్రం ఎక్కడికీ పోదు. దాన్నిచ్చే పైపరీన్ అంత తేలిగ్గా ఆవిరి కాదు. అందుకే ఎక్కువ మరిగిన చారులో మంట ఉంటుంది, పరిమళం ఉండదు.

మూత పెట్టి ఐదు నిమిషాలు ఆగమన్నది కూడా ఇందుకే. ఆవిరిలో ఉన్న వాసన మూతకి తగిలి మళ్లీ గిన్నెలోకే దిగుతుంది.

చింతపండు లేక నిమ్మకాయతో చేస్తున్నారా? అయితే నిమ్మరసం స్టవ్ కట్టేశాక, చారు కాస్త చల్లబడ్డాకే పిండాలి. మరిగితే చేదొస్తుంది. తాలింపులో వెల్లుల్లి నల్లబడినా, మెంతులు వేసి మాడ్చినా చేదే. ఆ చేదుకి విరుగుడు లేదు.. ఆ తాలింపు పారేసి మళ్లీ పెట్టుకోవడమే. పులుపు ఎక్కువైతే పప్పు కట్టు ఇంకాస్త పోసి, చిన్న బెల్లం ముక్క వేస్తే సర్దుకుంటుంది. ఉప్పు ఎక్కువైతే ఆలుగడ్డ ముక్క వేస్తే పీల్చేస్తుందని అంటుంటారు కదా.. అది ఉప్పుని మాత్రమే ఏరుకుని పీల్చదు, ఉప్పు నీళ్లనే పీలుస్తుంది. మిగిలిన చారు అంతే ఉప్పగా ఉంటుంది. ఉప్పు లేని పప్పు కట్టో, నీళ్లో పోసి పల్చన చేయడం ఒక్కటే దారి.

గిన్నె విషయంలో జాగ్రత్త

చింతపండు, టమాటా రెండూ పులుపే. పులుపు పదార్థాలు అల్యూమినియం గిన్నెలో మరిగిస్తే ఆ లోహం కొద్దికొద్దిగా వంటలోకి దిగుతుంది, రుచి కూడా చెడుతుంది. చారుకి స్టీలు గిన్నే మేలు. మట్టి కుండ ఉంటే మరీ మంచిది. కుక్కర్ అల్యూమినియంది అయినా భయం లేదు, ఎలాగూ పప్పు, టమాటా లోపలి చిన్న గిన్నెలోనే ఉంటాయి. ఆ గిన్నె స్టీలుదై ఉంటే చాలు.

ఈ మధ్య రీల్స్‌లో ఈయం చెంబు ట్రెండ్ నడుస్తోంది. తమిళ ఇళ్లలో రసం కాచే పాత చెంబు అది. అసలైనది తగరంతో చేస్తారు. తగరం 232 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. అందుకే ఖాళీ చెంబు స్టవ్ మీద పెట్టకూడదు, ముందు నీళ్లు పోసాకే మంట వెలిగించాలి. అసలు ప్రమాదం వేరే ఉంది. తగరంలో సీసం కలిస్తే చూపుకి తేడా తెలియదు. పుల్లటి చారులోకి సీసం దిగితే అది విషమే, ముఖ్యంగా చిన్నపిల్లల మెదడుకి. స్వచ్ఛమైన తగరమని టెస్ట్ రిపోర్ట్ చూపించలేని చోట చౌకగా దొరుకుతోందని కొనొద్దు. ఆ రుచి కోసం ఇంత రిస్క్ అవసరం లేదన్నదే మా మాట.

ఉప్పు లెక్క.. పసిపిల్లల సంగతి

చారన్నం తేలికైన తిండే. కానీ ఉప్పు దగ్గర మాత్రం మోసం చేస్తుంది. పులుపు, కారం రెండూ ఉన్నచోట ఎంత ఉప్పు పడిందో నాలుకకి తెలియదు. రోజు మొత్తానికి ఒక మనిషికి 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఒక టీస్పూన్ ఉప్పు సుమారు 6 గ్రాములు. నలుగురి చారులో ఒకటిన్నర టీస్పూన్లు వేశామంటే తలా రెండు గ్రాముల పైనే.. అంటే రోజు కోటాలో దాదాపు సగం ఒక్క చారులోనే అయిపోయింది. దాని పక్కన ఆవకాయ, అప్పడం ఎలాగూ ఉంటాయి. బీపీ ఉన్నవాళ్లు ఉన్న ఇంట్లో ఒక టీస్పూన్‌తో మొదలుపెట్టి రుచి చూడండి. మిరియం, ఇంగువ, వెల్లుల్లి బాగా పడితే ఆ లోటు పెద్దగా తెలియదు.

ఇంకొకటి, చాలా ఇళ్లలో జరిగేదే. అన్నప్రాశన కాగానే పాపాయికి మెత్తటి చారన్నం పెట్టేస్తుంటారు. ఏడాది నిండని పిల్లల తిండిలో ఉప్పు వేయొద్దనే పిల్లల డాక్టర్లు చెబుతారు. ఆ వయసులో కిడ్నీలు ఇంకా ఎదుగుతూ ఉంటాయి. పైగా చారు నీళ్లే ఎక్కువ, చిట్టి పొట్ట దానితోనే నిండిపోతే అసలు తిండికి చోటుండదు. కుక్కర్ దించగానే, ఉప్పు, చింతపండు ఏవీ కలపకముందే, రెండు స్పూన్ల మెత్తటి పప్పు పక్కకి తీసేయండి. అన్నంలో అది మెదిపి, చుక్క నెయ్యి వేసి పెడితే సరిపోతుంది. నాయనమ్మ, అమ్మమ్మలు ఊరుకోరు, నిజమే.. మెల్లగా నచ్చజెప్పండి.

జలుబు తగ్గుతుందా? వాట్సాప్‌లో వచ్చేదంతా నిజమేనా?

ముక్కు బిగుసుకుపోయినప్పుడు చారు తాగితే హాయిగా ఉంటుంది. అందులో అబద్ధం లేదు. వేడి ఆవిరికి, ద్రవానికి ముక్కులోని చీమిడి పల్చబడుతుంది. మిరియంలోని పైపరీన్ వేడిని పసిగట్టే నరాల్నే తట్టి లేపుతుంది, అందుకే ముక్కు కారి దారి తెరుచుకుంటుంది. కానీ జలుబు తెచ్చిన వైరస్‌ని చారు చంపదు. జ్వరం మూడు రోజులు దాటినా, ఆయాసం వచ్చినా చారు మీద భారం వేసి కూర్చోవద్దు, డాక్టర్‌కి చూపించుకోవాలి.

పసుపులో మిరియం కలిస్తే 'రెండు వేల శాతం పవర్' అనే మెసేజ్ మీ ఫ్యామిలీ గ్రూప్‌లోనూ వచ్చే ఉంటుంది. ఆ అంకె గాల్లోంచి రాలేదు. 1998లో బెంగళూరు పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలోది. అయితే అందులో మనుషులకు ఇచ్చింది రెండు గ్రాముల కర్కుమిన్, అంటే పసుపులోంచి వేరుచేసిన పదార్థం. పసుపులో కర్కుమిన్ ఉండేదే నూటికి మూడు పాళ్ల అటూఇటూ. మనం చారులో వేసే పసుపు చిటికెడు, అదీ నలుగురికి పంచాలి. రెండు గ్రాములెక్కడ, మన చిటికెడెక్కడ? రంగుకి, రుచికి వేసుకోండి. మందు అనుకోవద్దు.

అల్సర్, ఎసిడిటీ ఉన్నవాళ్లకు మాత్రం మిరియం, పులుపు రెండూ రాత్రిపూట ఇబ్బంది పెట్టొచ్చు. వాళ్ల కోసం మిరియాల ముద్ద వేయకముందే ఒక గిన్నెడు పక్కకి తీసి, జీలకర్ర తాలింపుతో ఇవ్వండి. తినగానే పడుకోకుండా కనీసం రెండు గంటలు గ్యాప్ ఉండేలా చూసుకుంటే మేలు.

మిరియాలు అసలువేనా? ఇంట్లోనే టెస్ట్

మిరియాల్లో ఎండిన బొప్పాయి గింజలు కలిపే కల్తీ పాతదే. ఎండాక చూపుకి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పే సులువైన పరీక్ష ఇది.. గ్లాసు నీళ్లలో కొన్ని మిరియాలు వేయండి. మంచి మిరియాలు అడుక్కి చేరతాయి, బొప్పాయి గింజలు పైన తేలతాయి. ఒకటీ అరా తేలితే కంగారు పడొద్దు, లోపల గట్టిపడని తాలు మిరియం కూడా తేలుతుంది. సగానికి సగం తేలితే మాత్రం ఆ షాపు మార్చాల్సిందే. పొడి కొంటే ఈ పరీక్షకే వీల్లేదు, వాసన కూడా నిలవదు. గింజలే కొనండి.

ఇంగువ డబ్బా మీద లేబుల్ కూడా ఒకసారి చదవండి. మనం వాడే పొడి ఇంగువలో చాలావరకు గోధుమ పిండో, మైదానో, బియ్యప్పిండో కలిసి ఉంటుంది. ఇది కల్తీ కాదు, అసలు ఇంగువ ఘాటు తట్టుకోలేం కాబట్టి అలా చేస్తారు. గోధుమ పడనివాళ్లు మాత్రం బియ్యప్పిండి రకం చూసి తీసుకోవాలి.

సూప్‌లా తాగాలంటే..

డైటింగ్‌లో ఉన్నాం, రాత్రి అన్నం వద్దు అనేవాళ్లు చింతపండు సగానికి తగ్గించి, పప్పు రెట్టింపు చేసి, చారుని వడకట్టి కప్పులో పోసుకోండి. ఉడికించిన గుడ్డో, వేయించిన పనీర్ ముక్కలో పక్కన పెట్టుకుంటే అది భోజనమే. కార్న్‌ఫ్లోర్ కలిపి చిక్కగా చేయక్కర్లేదు, పప్పే ఆ పని చేస్తుంది. అన్నంలోకి అయితే ఆలుగడ్డ వేపుడు, లేదా ఉల్లిపాయ ఎక్కువ పడిన ఆమ్లెట్.. చారన్నానికి వీటిని మించిన జోడీ మాకైతే తెలియదు.

ఎండాకాలంలో స్టవ్ ముందు నిలబడలేమనిపిస్తే తెలంగాణ పచ్చి పులుసు ఉంది కదా. చింతపండు రసంలో సన్నగా తరిగిన ఉల్లిపాయ, కాల్చిన పచ్చిమిర్చి, జీలకర్ర, కొత్తిమీర వేసి చేత్తో పిసికి, పైన ఒక్క తాలింపు. మరిగించే పనే లేదు. ఇక కృష్ణా, గుంటూరు వైపు ఉలవచారు గొప్పదే కానీ, గంటల తరబడి ఉడకాలి.. అది ఆదివారం సంగతి, మంగళవారం రాత్రి పని కాదు.

మిగిలిన చారుని రాత్రంతా బయట వదిలేయొద్దు. పప్పు పడింది కాబట్టి వేసవిలో తెల్లారేసరికి పులిసిపోతుంది. చల్లారగానే ఫ్రిజ్‌లో పెడితే మర్నాడు వాడుకోవచ్చు. వేడి చేసేటప్పుడు ఒక్క పొంగు రానిచ్చి, అప్పటికప్పుడు దంచిన రెండు మూడు మిరియాలు, ఒక వెల్లుల్లి రెబ్బ వేసి దించేయండి. నిన్నటి చారని చెబితే తప్ప ఎవరూ కనిపెట్టలేరు.